నాలుగింతల అత్తగారు

గోరంతని కొండంత చేసేవాళ్ళు ఏ వీధిలోనైనా ఒకరిద్దరు ఉంటారు. అదే వృత్తిగా పెట్టుకుని ఇల్లు నడిపిన మనిషి మాత్రం ఆ వీధిలో ఆవిడొక్కతే. అందరూ ఆవిడ్ని కొండలావిడ అంటారు. పాత కాగితాలు నానబెట్టి రుబ్బిన గుజ్జులో సుద్దపొడీ జిగురూ కలిపి, ఇంటి కింది భాగంలో ఉన్న పొడుగాటి గదిలో కూర్చుని కొండలూ లోయలూ నదులూ చేస్తుంది. బళ్ళలో భూగోళం చెప్పే గదిలో బల్లమీద పెడతారే, ఆ ఎత్తుపల్లాల నమూనాలు. పిల్లలు చుట్టూ మూగి, ఇది పర్వతం, ఇది పీఠభూమి, ఇదిగో ఇక్కడ నది సముద్రంలో కలుస్తుంది అని వేళ్ళు పెట్టి చూపించుకుంటారు. వాటి రంగు తొందరగా ఊడిపోయేది కూడా అందుకే.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. నేల పొడుగునీ వెడల్పునీ ఎంత కుదిస్తారో కొండల ఎత్తుని కూడా అంతే కుదిస్తే, ఎంత గొప్ప పర్వతమైనా బల్లమీద ఓ చిన్న ఉబ్బులా మిగులుతుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆకాశాన్నంటినట్టుంటుంది గానీ, భూమి విస్తీర్ణం ముందు దాని ఎత్తెంత? అందుకని పనివాళ్ళు ఎత్తుని మాత్రం పెంచి చేస్తారు. కొందరు రెండింతలు పెంచుతారు, కొందరు పదింతలు. కొండలావిడది నాలుగింతలు. పని నేర్పిన ముసలాయన నాలుగే అన్నాడట. ఇక అది శాసనం.

పోనీ కొండల దగ్గరైనా ఆగిందా అంటే అదీ లేదు. ఏళ్ళ తరబడి ఎత్తుని నాలుగింతలు చేసీ చేసీ ఆ కొలత ఆవిడ నోటికి కూడా పట్టేసింది. కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే సముద్రాన్ని పొయ్యిమీద పెట్టానంటుంది. దుకాణం దగ్గర పదిమంది ఉంటే ఊరు ఊరంతా అక్కడే ఉందంటుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే, ఇక ఈ కాలు నాది కాదు, ఎవరికైనా ఇచ్చేయండి అంటుంది. అలాగని అబద్ధాలాడే మనిషి కాదు. ఏం చెప్పినా అడుగున నిజం ఉంటుంది, పైన సుద్ద మాత్రం కాస్త మందంగా పడుతుంది.

మనుషుల్ని కూడా ఆవిడ నేలల్ని చూసినట్టే చూస్తుంది. భర్త ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు, ఇప్పుడు పేపరు చదువుతాడు. ఆయన సమశీతోష్ణమట. ఎండా ముదరదు, చలీ ముదరదు, ఏడాది పొడుగునా ఒకటే మబ్బు. కూతురు ఆసుపత్రిలో నర్సు, ఆమెది రుతుపవనాల తీరు. నెలల తరబడి చుక్క రాలదు, రాలిందంటే ఇల్లంతా కడిగి పారేస్తుంది. ఎదురింటి దర్జీ ఎడారి. పగలు మండిపడతాడు, పొద్దుగుంకేసరికి చల్లబడి వచ్చి ఏమీ అనుకోకండమ్మా అంటాడు.

అల్లుడికి మాత్రం ఆవిడ ఇలాంటి పేరేమీ పెట్టలేదు. అల్లుడు కదా, మర్యాద.

ఆ అల్లుడు వాతావరణ కార్యాలయంలో పనిచేస్తాడు. పొద్దున్నే వెళ్ళి వానకొలత పాత్రలో నీళ్ళు చూసి, ఉష్ణమాపకంలో పాదరసం చూసి, గాలి ఎటునుంచి వీస్తోందో చూసి రాసిపెట్టడం ఉద్యోగం. మహా కచ్చితమైన మనిషి. ఇవాళ ఎండ మండిపోతోంది కదండీ అని ఎవరైనా మాటవరసకి అంటే, నిన్నటికంటే అర డిగ్రీ తక్కువేనండీ అని చెప్పి ఆ కబురుని అక్కడికక్కడే చంపేసే రకం. పెళ్ళైన కొత్తలో ఆఫీసువాళ్ళిచ్చిన ఇంట్లో కాపురం పెట్టాడు. దాని పైకప్పు కారేది. వాన కొలిచే మనిషి ఇంట్లో కూడా గిన్నెలు పెట్టి వాన పట్టుకోవాల్సి వచ్చేసరికి, కప్పు బాగుచేసేదాకా మా ఇంట్లో ఉండండి అని అత్తగారు పిలిచింది. కప్పు ఎప్పుడో బాగైంది. తిరిగి వెళ్ళే మాట ఎవరూ ఎత్తలేదు. అలా ఎవరూ అనుకోకుండానే అతను ఇల్లరికపుటల్లుడయ్యాడు.

ఇల్లరికపుటల్లుడి బాధ పడ్డవాడికే తెలుస్తుంది. ఫ్యాను వెయ్యాలన్నా నలుగురి ముఖాలూ చూడాలి. రెండోసారి వడ్డించుకోవాలంటే ఇంకోసారి చూడాలి. అలాంటివాడికి, వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు వీధంతా తన గురించి చెప్పిన మాటలు చెవిన పడ్డాయి. మా అల్లుడు బంగారం, మబ్బుని చూసి దాని ఇంటిపేరు చెప్తాడు, ఆయన గొడుగు పట్టుకెళ్ళమన్నాడంటే ఎండ కూడా జడిసి దాక్కుంటుంది, ఇలాంటివాడు ఏడు ఖండాల్లో వెతికినా దొరకడు. ఆ సాయంత్రం అతను గాల్లో తేలుతూ వచ్చి భార్యకి చెప్పాడు. ఆమె పగలబడి నవ్వి, అమ్మ మాటని నాలుగుతో భాగించుకోవాలి, ఇది నాన్న కనిపెట్టిన సూత్రం, అమ్మకి మాత్రం తెలియకూడదు అంది. మామగారు కూడా పేపరు వెనకనుంచి, అవును నాయనా, నాలుగు సరిగ్గా సరిపోతుంది అన్నాడు.

అల్లుడు లెక్క ప్రకారం భాగించుకున్నాడు. ఏడు ఖండాలు కాస్తా ఒకటీ ముప్పాతిక ఖండాలయ్యాయి. బంగారం పావువంతుకి దిగింది. పైగా ఆ వారంలోనే ఆవిడ, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చి ఉన్న కుళాయి విరగ్గొట్టి పోయినవాణ్ణి కూడా బంగారం అంది. దాంతో అతని ప్రాణం ఉసూరుమంది. అప్పట్నుంచీ అతనికి ఒకటే కోరిక. ఈవిడ నా గురించి నిజంగా ఏమనుకుంటోంది? పెంచకుండా, పూత పుయ్యకుండా, ఉన్నదున్నట్టు ఒక్క మాట అంటే చాలు, అది తిట్టైనా సరే. ఐదేళ్ళు గడిచినా ఆ మాట రాలేదు. వచ్చినవన్నీ వజ్రాలూ వైడూర్యాలే, ఏం లాభం?

అలా ఉండగా ఒకనాడు, చూపులేని పిల్లల బడిలో భూగోళం చెప్పే మాస్టారు పని ఇవ్వడానికి వచ్చాడు. ఆయనకీ చూపు లేదు. గదిలో ఉన్న పాత నమూనాల మీద అరచేయి ఆనించి, పండు పండిందో లేదో చూసినట్టు మెల్లగా తడిమి, తనకేం కావాలో చెప్పాడు. ఏ పటంలోనూ లేని ఒక దేశం కావాలి. దాని ఒక చివర మంచుకొండ ఉండాలి, రెండో చివర సముద్రం. కొండ మీద చెంబెడు నీళ్ళు పోస్తే అవి పిల్లల వేళ్ళ కిందనుంచి పారి సముద్రం చేరాలి. ఎడారేదో అడవేదో, చలిదేశమేదో ఉక్కదేశమేదో చేత్తో ముట్టుకుంటే తెలియాలి. అంత పెద్ద పని అత్తగారు ఎప్పుడూ చెయ్యలేదు. మాస్టారు వెళ్ళగానే, లోకంలో ఉన్న కొండలన్నీ మన ఇంటికొచ్చి కూర్చున్నాయి అంది. అందరూ భాగించుకున్నారు.

శీతోష్ణాల సంగతి వచ్చేసరికి అల్లుడికి ఊపొచ్చింది. సాయంత్రం ఆఫీసునుంచి రావడం ఆలస్యం, చొక్కా చేతులు మడిచి కింది గదిలో దిగేవాడు. ఏడాదంతా వాన కురిసే ఉక్క అడవికి ముడులు ముడులుగా ఉన్ని, గడ్డిమైదానానికి పాత బ్రష్షుల వెంట్రుకలు, ఎడారికి గరుకు ఇసుక, ఉత్తరాన చెట్టన్నది మొలవని గడ్డకట్టిన నేలకి అరిగిపోయిన కంబళి ముక్క. ఎండాకాలం పొడిగా ఉండి చలికాలంలో వాన పడే తీరం ఒకటుందని, దానికి చెట్టు బెరడు అంటించాలని పట్టుబట్టాడు. ఎడారి ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇద్దరికీ గొడవైంది. కొండకి అవతల వైపే పెట్టాలన్నాడతను. సముద్రం మీంచి వచ్చే గాలి కొండ ఎక్కుతూ ఎక్కుతూ వానంతా ఇవతలే కురిపించేస్తుంది, అటు దిగేసరికి దాని దగ్గర చుక్క మిగలదు. ఆవిడ కాసేపు ఆలోచించి, మా ఆడపడుచు నవ్వులన్నీ పుట్టింట్లో నవ్వేసి అత్తింటికి ముడుచుకున్న ముఖంతో వెళ్తుంది, అదన్నమాట, అని ఒప్పుకుంది.

ఆవిడ కూడా అతనికి పని నేర్పింది. నది గోటితో గీస్తుంది, మంచు బొటనవేలితో తోముతుంది అని చెప్పింది. తడి గుజ్జులో గోరు పెట్టి లాగితే అడుగున సన్నగా, అంచులు ఏటవాలుగా లోయ వస్తుంది, అది నీళ్ళు కోసిన లోయ. బొటనవేలి మెత్తని వైపు ఆనించి బలంగా నెడితే పడవ అడుగులా గుండ్రంగా వెడల్పుగా వస్తుంది, అది హిమానీనదం తొలిచింది. ఆ మంచు మెల్లగా కదులుతూ రాళ్ళూ రప్పా మోసుకొచ్చి, కరిగిపోయేచోట కుప్పపోసి వెళ్తుంది. ఒక్కోసారి ఇంటంత బండని ఎక్కడో మైదానంలో వదిలేస్తుంది. చుట్టుపక్కల రాళ్ళతో ఆ బండకి ఏ చుట్టరికమూ ఉండదు. ఆ బండకి బదులు ఒక చిన్న గులకరాయిని ఆవిడ గడ్డిమైదానంలో అతికిస్తుంటే అల్లుడు దాన్నే చూస్తూ, ఇది అచ్చం నేనే అనుకున్నాడు. పైకి అనలేదు.

పని సగంలో ఉండగా ముప్పొచ్చింది. అటకమీది సుద్ద సంచి అందుకోబోతే స్టూలు పక్కకి ఒరిగి అత్తగారు పడింది. చెయ్యి పిండి పిండైపోయింది, జల్లెడ పట్టుకు రండి అని అరిచింది. డాక్టరు చూసి, మణికట్టు బెణికింది, మోకాలు వాచింది, కొన్నాళ్ళు చెయ్యి కదపకూడదు, మెట్లు దిగకూడదు అన్నాడు. పిండి పిండిని నాలుగుతో భాగిస్తే బెణుకే వస్తుందని మామగారు సంతృప్తిగా తలూపాడు. కూతురు నర్సు కాబట్టి తల్లిని పై గదిలో మంచానికి అంటించేసినంత పని చేసింది. కింద అడవులూ ఎడారులూ అన్నీ సిద్ధంగా ఉన్నాయి, కొండలే లేవు. పనేమో మాట ఇచ్చిన పని. అల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టాడు. అత్తగారు గీసుకుని చేసే మనిషి కాదు, నమూనా అంతా ఆవిడ తలలోనే ఉంటుంది. అందుకని మేడమీంచి కేకేసి చెప్పడం, కింద అతను చెయ్యడం అని ఏర్పాటైంది.

పెద్ద కొండ ఎత్తు ఎనిమిది వేళ్ళు పెట్టండి అల్లుడుగారూ అని కేక వచ్చింది.

ఇదిగో, ఇక్కడే జరిగింది తప్పు. ఐదేళ్ళుగా ఆ గొంతులోంచి ఏం వచ్చినా నాలుగుతో భాగించడం అతనికి ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. ఎనిమిది అని వినగానే చెయ్యి దానంతటదే రెండు వేళ్ళు కొలిచింది. కొలిచాక, కచ్చితమైన మనిషి కదా, పెన్సిలు తీసుకుని సరిచూశాడు. బల్ల పొడుగు ఇంత, దానిమీద దేశం పొడుగు అంత, మరి అలాంటి దేశంలో కొండ ఎత్తెంత ఉండాలి? సరిగ్గా రెండు వేళ్ళు వచ్చింది. లెక్క అలా అతికినట్టు సరిపోతే అతనికి కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. పైగా మనసులో ఒక ధర్మం కూడా మొలిచింది. చూపున్న పిల్లలకైతే ఎలాగూ కిటికీలోంచి అసలు కొండ కనిపిస్తుంది. చూపులేని పిల్లలు చేతికి తగిలిందే నమ్ముతారు, వాళ్ళకి నాలుగింతల అబద్ధం చెప్పడం పాపం కాదూ? చిన్న కొండలు అర వేలు, మెట్టలు గోరంత. ఇలా మూడుపూటలా మునిగి తేలి, నునుపు తీసి, నీళ్ళకి నానకుండా వార్నీషూ, మంచు ఉన్నచోట మైనమూ పూసి ఆరబెట్టాడు.

భార్య డ్యూటీ దిగి వచ్చి చూసి, ఆవులిస్తూ, అమ్మ చేస్తే ఇంకా ఎత్తుగా ఉండేవి అనిపిస్తోంది అంది. ఇదే నిజమైన ఎత్తు అని అతను లెక్క విప్పబోతే, నిద్రొస్తోంది, నీ లెక్క కరెక్టే అని వెళ్ళిపోయింది. మామగారు కళ్ళజోడు పైకి తోసుకుని చూసి ఊఁ అన్నాడు. మేడమీంచి అత్తగారు మాత్రం, చూడకుండానే, ఇంత సన్నపని చేసే చెయ్యి భూమ్మీద పుట్టలేదు అని దీవించింది. అల్లుడు భాగించుకోబోయి, ఈ ఒక్కసారికి పోనీలే అని సగమే భాగించుకున్నాడు.

మాస్టారు పని ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని వచ్చాడు. సముద్రం వైపునుంచి మొదలుపెట్టి, అరచేయి జరుపుకుంటూ మైదానం దాటాడు, గులకరాయి దగ్గర ఆగి ముచ్చటపడ్డాడు, ఉన్ని అడవిలో కాసేపు తిరిగాడు. తర్వాత చెయ్యి ముందుకి పోయి పోయి బల్ల అంచుకి తగిలింది. ఆయన మర్యాదస్తుడు. కొండలు ఇంకా పెట్టలేదన్నమాట అన్నాడు. మీ చెయ్యి వాటిమీంచే వచ్చిందండీ అన్నాడు అల్లుడు. ఆయన మళ్ళీ వెనక్కి జరిపి, దుప్పటికింద చెప్పు మర్చిపోయి పక్క వేసినట్టుంది, ఇదేనా అని అడిగాడు. నీళ్ళు పోసి చూద్దామన్నాడు. చెంబెడు పోశారు. ఆ నీళ్ళు కొండదిగి నదిలోకి పోవాల్సింది పోయి, ఎటు వెళ్ళాలో తోచని చుట్టాల్లా అక్కడే నిలబడ్డాయి. కాసేపటికి తీరిగ్గా పక్కకి మళ్ళి ఎడారిలోకి నడిచాయి. ఎడారి తడిసి ముద్దైంది.

కింద మాటలు ఆగిపోయేసరికి అత్తగారికి అనుమానం వచ్చింది. కట్టుకట్టిన చేతిని మెడకి వేలాడేసుకుని, కూతురు వద్దంటున్నా వినకుండా మెట్లు దిగి వచ్చింది. మంచి చెయ్యి కొండమీద పెట్టి, వేళ్ళతో కొలిచింది. మళ్ళీ కొలిచింది.

“నేను ఎనిమిది వేళ్ళన్నాను. ఇక్కడ రెండే ఉన్నాయి.”

“అసలు కొలత లెక్కేస్తే రెండే వస్తుందండీ అత్తయ్యగారూ.”

“లెక్క వేసి తగ్గించారా? తగ్గించాక లెక్క వేశారా?”

లెక్క వేశాకే అంటే సరిపోయేది, ఆ గండం గట్టెక్కేది. కానీ అర డిగ్రీ కూడా అబద్ధం రాయని మనిషి.

“తగ్గించాకేనండీ. అలవాటైపోయింది.”

“ఏం అలవాటు?”

అతను భార్య వంక చూశాడు. ఆమె తల్లి చేతికట్టు సర్దడంలో పడింది. మామగారి వంక చూశాడు. ఆయన పైకప్పు కారుతోందేమో అన్నట్టు పైకి చూస్తున్నాడు. ఇక తప్పక చెప్పేశాడు. ఈ ఇంట్లో అందరూ మీ మాటని నాలుగుతో భాగించుకుంటారని, తనకి మొదటి వారంలోనే నేర్పారని, ఎనిమిది అనగానే చెయ్యి రెండు కొలిచేసిందని చెప్పాడు. నేను మొదట్లో మూడనే అన్నాను అని మామగారు గొణిగాడు. ఆ మాట ఆయన అనకుండా ఉంటేనే బాగుండేది.

అత్తగారు ఎవర్నీ తిట్టలేదు. బల్లమీది తడి ఎడారినే చూస్తూ నిలబడింది.

“అంటే, ఇన్నేళ్ళూ నేను బంగారం అన్నప్పుడల్లా మీరు పావు బంగారమే తీసుకున్నారన్నమాట.”

ఆవిడ ముఖం చూసి అల్లుడికి ఏడుపొచ్చినంత పనైంది. మాస్టారు సంగతి గ్రహించి, బడి తెరిచేనాటికి ఇస్తే చాలునండీ, తొందరేం లేదు అని చెప్పి కర్ర పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి ఆ ఇంట్లో ఘోరం మొదలైంది. అత్తగారు కచ్చితంగా మాట్లాడటం నేర్చుకుంది. నొప్పిగా ఉందా అంటే, ఉంది అంటుంది. బయట వాన పడుతోందా అంటే, కొంచెం అంటుంది. ఎదురింటి దర్జీ వీధిలో వీరంగం వేస్తే, ఆయన గట్టిగా మాట్లాడాడు అని ఊరుకుంది. భోజనాల దగ్గర నలుగురూ నాలుగు గోడల్లా కూర్చుని తినేవాళ్ళు. కూరలమ్మే ఆమె గుమ్మంలోకి వచ్చి, పెద్దమ్మగారికి ఒంట్లో బాగాలేదా, బేరం ఆడకుండా కొంటున్నారు అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూతురు మొగుడిమీద కుండపోతగా విరుచుకుపడింది. సూత్రం నేర్పింది నువ్వే కదా అనే ధైర్యం అతనికి లేకపోయింది. ఆ నిశ్శబ్దం భరించలేక మామగారు తనే రంగంలోకి దిగి, ఇవాళ బజార్లో జనం ఏమున్నారనుకున్నారు, ఒక ఇరవై... ఇరవై రెండు మంది ఉంటారు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్ళీ పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

మోకాలి వాపు తగ్గాక అత్తగారు కింది గదిలోకి దిగి కుర్చీ వేసుకుంది. చెయ్యి ఇంకా మెడలోనే వేలాడుతోంది. రెండువేళ్ళ కొండమీద ఆరువేళ్ళ గుజ్జు ఎక్కించాలి, పొర ఆరాక పొర. ఆవిడ అంకెలు తప్ప మరో మాట మాట్లాడేది కాదు. అతను ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు పెట్టేవాడు. కొండ లేచింది, పక్కన చిన్న కొండలు లేచాయి. మంచు తొలిచే పెద్ద లోయ దగ్గరికి వచ్చేసరికి అతను భయంతో గోరు పెట్టాడు. గోరు కాదు అంది. బొటనవేలు పెట్టాడు. బలంగా అంది. బలంగా నెట్టాడు. పక్కనుంచి వచ్చే చిన్న లోయని అంత లోతుగా తవ్వకుండా గోడ మధ్యలోనే వదిలెయ్యమంది. పెద్ద మంచు తవ్వినంత లోతు చిన్న మంచు తవ్వలేదు, అందుకే చిన్న లోయ పైనే వేలాడిపోతుంది, అందులో నీళ్ళు పోస్తే దూకుతాయి.

అది చెప్పాక ఆవిడ ఉన్నట్టుండి తన సంగతి ఎత్తింది. చిన్నప్పుడు వాళ్ళది ఇల్లంతా పిల్లలే ఉన్న ఇల్లట. ఆకలేస్తోంది అంటే ఎవరికీ వినపడేది కాదట. చచ్చిపోతున్నాను అంటేనే అమ్మ వెనక్కి తిరిగి చూసేదట.

“ఉన్న కొలతలో చెప్తే ఎవరి చేతికీ తగలలేదు, అల్లుడుగారూ. పెంచి చెప్పడం అలా మొదలైంది. మోసం చెయ్యడానికి కాదు.”

అల్లుడు గుజ్జుచేతులు బల్లమీంచి తీశాడు. ఐదేళ్ళుగా లోపల దాచుకున్నది ఇక ఆగలేదు.

“నాకు తెలుసండీ. నేను మీ మాట నమ్మక భాగించలేదు. నమ్మాలని ఉండి భాగించాను. నేనీ ఇంట్లో ఉండటం మీకు ఇష్టమో, కష్టమో నాకిప్పటికీ తెలీదు. మీరంటే నాకు చాలా ఇష్టం. అది మాత్రం ఉన్న కొలతే.”

అత్తగారు అతని ముఖంలోకి చూసింది. అంతలో చూపు బల్లమీదికి మళ్ళించి, కొండ ఎడమపక్క ఇంకా అరవేలు తక్కువుంది అంది. అతను తలొంచుకుని అరవేలు గుజ్జు వేశాడు.

బడి తెరిచే ముందు మాస్టారు వచ్చాడు. నలుగురూ కింది గదిలోనే ఉన్నారు. ఈసారి ఆయన చెయ్యి మైదానం దాటి, పైకి, ఇంకా పైకి ఎక్కింది. కొండకొమ్ము వేలికి తగలగానే ముఖం వెలిగిపోయింది. నీళ్ళు పొయ్యండి అన్నాడు. అల్లుడు పోశాడు. వేలాడే లోయలోంచి నీళ్ళు దూకాయి, పెద్ద లోయ అడుగున పరుగెత్తాయి, మంచు పోసి వెళ్ళిన రాళ్ళకుప్ప వెనక చెరువులా నిండి, కుప్ప మీంచి పొర్లి మైదానంలోకి దిగాయి. అక్కడ తొందరంతా మానేసి వంకరలు తిరిగాయి, చివర పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిశాయి. ఎడారిలోకి ఒక్క చుక్క పోలేదు. మాస్టారి వేళ్ళు నీళ్ళతోపాటే కిందిదాకా నడిచి వచ్చాయి. ఆయన చిన్నపిల్లాడిలా, ఇంకోసారి పొయ్యండి అన్నాడు. మూడోసారి కూడా పోయించుకున్నాడు.

తర్వాత ఆ పెద్ద లోయలోకి మళ్ళీ వెళ్ళి, తడిమి, ఇందులో రెండు చేతులున్నాయమ్మా అన్నాడు. మైదానమూ నదీ మీ పాత చెయ్యే, ఈ కొండలూ ఈ లోయా నొక్కినవి కొత్తవేళ్ళు, మొదట భయపడి తర్వాత ధైర్యం చేశాయి, ఎవరివి అని అడిగాడు. మా అల్లుడివి అంది అత్తగారు.

“ఎలా చేస్తాడండీ పని?”

మామగారు పేపరు పూర్తిగా దించేశాడు. బంగారం వస్తుందో, ఏడు ఖండాలు వస్తాయో అని అల్లుడు నేలచూపులు చూస్తున్నాడు.

“ఫర్వాలేదు” అంది అత్తగారు.

ఆవిడ నోట అంత చిన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అల్లుడి తల అలవాటు కొద్దీ దాన్ని కూడా భాగించబోయింది. ఫర్వాలేదుని నాలుగుతో భాగిస్తే ఇంక మిగిలేదేముంది? అతని ముఖం పాలిపోయింది. చెంబు పట్టుకుని నాలుగోసారి నీళ్ళు తేవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

వెనకనుంచి అత్తగారు వచ్చింది. కట్టులేని చేత్తో అతని మోచేతిమీద ఎండిపోయిన సుద్ద గీకి రాలగొట్టింది. తర్వాత మాస్టారికి వినపడకుండా గొంతు తగ్గించింది.

“ఈ ఒక్కమాటని మాత్రం నాలుగుతో హెచ్చవేసుకో, నాయనా.”